వజ్రశృంగం రుచి

వజ్రకూట రాజ్యంలో వానలకు కొరత, తిండికి కొరత, సిగ్గుకు మరీ కొరత. గొప్పలకు మాత్రం ఏ ఏడూ కరువు రాలేదు.

ఆ రాజ్యానికి ఉత్తరాన వజ్రశృంగమని ఒక మహాపర్వతం ఉంది. దాని కొన ఉదయాన పగడమై, మధ్యాహ్నాన ముత్యమై, సాయంకాలాన పుష్యరాగమై వెలుగుతుందనీ, అది ఇంద్రుడి చేతిలోంచి జారిన వజ్రాయుధపు మొన అనీ, దేవకన్యలు తిలకం దిద్దుకునే అద్దమనీ, కొన నుంచి మొదలుదాకా ఒకే ఒక్క వజ్రమనీ ఆస్థాన కవులు పాడి పాడి గొంతులు పోగొట్టుకున్నారు. పాడినవాళ్ళలో ఒక్కడైనా కొండ మొదట్లో ఉన్న మేకలదొడ్డి దాటి పైకెక్కిన పాపాన పోలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అన్నారా?

రాజు ఉద్దండసింహుడు. పేరులో సింహం ఉంది కదా, ఒంట్లో కూడా ఎందుకనుకున్నాడో ఏమో, సింహాసనం మీదనుంచి లేవడానికే ఇద్దరు మనుషులు కావాలి. ఆయన వంశం సాక్షాత్తూ ఆ వజ్రంలోంచే పుట్టిందట. అందుకని ఏటా శృంగయాత్ర జరుగుతుంది. దళపతి వీరగండడు నలభైమంది భటులతో, గొడుగులతో, డప్పులతో కొండెక్కి, తళతళలాడే రాయి ఒకటి తెస్తాడు. రాజగురువూ మహామాంత్రికుడూ అయిన ధూమకేశుడు దాని మీద మంత్రం ఊదుతాడు. రాజు దాన్ని కిరీటంలో పొదిగించుకుంటాడు. ప్రజలు జేజేలు కొడతారు. కొట్టకపోతే ఏనుగు కాళ్ళకింద తొక్కిస్తారు గనక చాలా గట్టిగానే కొడతారు.

ఆ ఏడు యాత్ర బయలుదేరే ముందురోజు, కిరీటంలోంచి తీసిన నిరుటి వజ్రాన్ని పాలతో కడగడానికి వంటశాలకు తెచ్చారు. ఖర్మ కాలి, అదే సమయానికి అక్కడ నారప్ప కూర్చుని రుబ్బురోలుకు గంట్లు కొడుతున్నాడు. అరిగిన రోళ్ళకూ తిరగళ్ళకూ ఉలితో గంట్లు కొట్టి మళ్ళీ పదును తేవడం ఆయన పని. ఆ పనివాళ్ళకు ఒక అలవాటుంది. ఏ రాయినైనా ఉలి పెట్టేముందు నాకి చూస్తారు. పిండిలోకి రాలిపోయే రాయేదో, మూడు తరాలు నిలిచే రాయేదో కన్ను చెప్పలేదు, నాలుక చెబుతుంది. నారప్ప పళ్ళెంలో ఉన్న వజ్రాన్ని చూశాడు, తీసుకున్నాడు, అలవాటు కొద్దీ నాకాడు.

"ఓస్, పలుగురాయి!" అన్నాడు.

వంటవాళ్ళు చెవులు మూసుకున్నారు. ముసలాయన అక్కడితో ఆగినా బాగుండేది. "మా వాగు పక్కన పిల్లకాయలు ఇట్టాంటివాటితో కాకుల్ని కొడతారు. శిఖరం రాయి ఇది కాదు. కొండ మీదనుంచి వాగు దొర్లించుకొచ్చే రాళ్ళు నలభై ఏళ్ళుగా నాకుతున్నాను నేను. ఆ కొన సున్నపురాయి. వక్కాకులోకి పనికొస్తుందేగానీ కిరీటంలోకి కాదు" అని కూడా అన్నాడు.

మాట రాజు చెవిన పడింది. నారప్పను సంకెళ్ళతో సభకు ఈడ్చుకొచ్చారు. ఉద్దండసింహుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సున్నమా? సరే. నేటికి తొమ్మిదో రోజు పొద్దుగూకేలోగా ఎవడైనా ఆ కొన మీది రాయి తెచ్చి సున్నమని నిరూపిస్తే నిన్ను వదిలేస్తాను. లేకపోతే నీ ఎముకలతో సున్నం కాలుస్తాను" అన్నాడు. సభంతా విరగబడి నవ్వింది. పుట్టి బుద్ధెరిగి యాత్ర వాళ్ళు తప్ప ఎవడూ కొన ఎక్కలేదు, ఇక ఇచ్చిన మాటతో రాజుకు పోయేదేముంది?

నారప్పకు ఒక్కతే కూతురు, నాంచారి. ఇరవై రెండేళ్ళది. తండ్రితో సమానంగా సుత్తి పడుతుంది, నోటి దురుసులో తండ్రిని మించింది. చెరసాల ఊచల దగ్గర నిలబడి తండ్రిని దులిపేసింది.

"నాయనా, నీకు నోరు ఊరుకోదా? ఆ గాజుముక్కను వజ్రమని తలకెత్తుకుంటే ఎత్తుకోనీ! నీదేం పోయింది?"

"రాయి మీద అబద్ధమాడినోణ్ణి రేపు ఏ రోలు నమ్ముతుందే?" అన్నాడు నారప్ప.

"రోలు సంగతి తర్వాత. తల ఉంటేగా! పొద్దున్నే ఆ వెధవల యాత్ర బయలుదేరుతుంది. నేనూ పోతాను."

"నువ్వు పోవద్దే తల్లీ. చలికి చస్తావు."

"పోతా. నువ్వు చచ్చినాక నేను ఏ చలికి భయపడి బతకాలి?"

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "పోతే కొనకే పో. మధ్యలో మెరిసేదాన్ని ముట్టుకోమాకు. కొన మీదది తేవాలి" అన్నాడు.

కొండదారి మొదట్లో కావలి ఉంది. యాత్ర వాళ్ళను తప్ప చీమను కూడా పోనివ్వరు. అందుకని మర్నాడు పొద్దున మేకవెంట్రుకల గడ్డం, ఒంటినిండా విభూతి, జోలెలో ఉలీ సుత్తీ తాడూ పెట్టుకుని, పెదవుల మీద వేలు ఆనించి మౌనస్వామి ఒకరు వీరగండడి ముందు ప్రత్యక్షమయ్యారు. ఆ రాజ్యంలో మౌనవ్రతానికి ఉన్న గిరాకీ మరి దేనికీ లేదు. ఏమీ మాట్లాడడు గనక అన్నీ తెలిసినవాడని నమ్ముతారు. వీరగండడికి మీసాలు చెవులదాకా ఉన్నాయి, తెలివి మీసాలదాకా కూడా లేదు. చేతులు జోడించి, "స్వాములవారు మా వెంట వేంచేస్తే యాత్ర ధన్యం" అన్నాడు. స్వాములవారు తల పంకించారు.

మొదటి రోజంతా నల్లరాతి గుట్టలు. నాంచారి వాటిని చూసి మురిసిపోయింది. ఎన్ని రోళ్ళు, ఎన్ని సన్నికళ్ళు, ఎన్ని తిరగళ్ళు అందులో పడుకుని ఉన్నాయో! భటులకు అవి కంటికి ఆనలేదు. మెరవని రాయి వాళ్ళ దృష్టిలో రాయే కాదు.

రెండో రోజు మధ్యాహ్నానికి అభ్రకపు వాలు వచ్చింది. ఏం చెప్పమంటారు ఆ శోభ! కొండ పక్క పొడుగునా వెండిరేకులు పరిచినట్టు, ఆకాశం ముక్కలై నేలమీద పొరలు పొరలుగా పేర్చినట్టు, గాలి వీస్తే పొరలు లేచి ఎండలో సీతాకోకచిలుకల్లా ఎగురుతున్నాయి. అడుగు వేస్తే పాదం కింద వేల దీపాలు పగిలి మళ్ళీ వెలుగుతున్నాయి. "బంగారం! వెండి!" అని భటులు కేకలు పెట్టి తలపాగాలు విప్పి మూటలు కట్టుకోవడం మొదలుపెట్టారు. అది కాకిబంగారం. దేవుడి పటాలకు అంటించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. పైపెచ్చు నూనె రాసిన పలకలా జారుతుంది. మూట బరువుకు ముందువాడు జారాడు, వాడి కాలు పట్టుకుని రెండోవాడు, వాడి పంచె పట్టుకుని మూడోవాడు. ఏడుగురు గొర్రెల్లా ఒకరి వెంట ఒకరు వాలు దిగువకు కొట్టుకుపోయారు.

వాలు అంచున అగాధం. నాంచారి జోలెలోంచి ఉలి తీసి రాతి పొరల సందులో దిగ్గొట్టి, దానికి తాడు చుట్టి కిందికి విసిరింది. మొదటివాడు తాడు అందుకున్నాడు. ఏడుగురూ కోతుల్లా ఎగబాకి పైకి వచ్చారు, మూటలు మాత్రం వదల్లేదు. "స్వాములవారి మహిమ!" అని కాళ్ళమీద పడ్డారు. ఉలి ఎక్కడిదని ఒక్కడూ అడగలేదు. స్వాములవారు లోలోపల తిట్టిన తిట్లు వింటే మాత్రం ఆ కాళ్ళు వదిలి పారిపోయేవాళ్ళు.

మూడో రోజు గాలికి మరుగ్గా ఉన్న ఒక గుహలో వంట పెట్టారు. గుహ గోడలంతా పసుపుముద్దల్లాంటి రాళ్ళు, మధ్య మధ్య సింధూరపు చారలు. పెళ్ళిపందిరిలా ఉందని మురిసి, వంటవాడు ఆ పసుపురాళ్ళనే మూడు పొయ్యిరాళ్ళుగా పెట్టి మంట వేశాడు. కాసేపటికి ఘుమఘుమా వెల్లుల్లి వాసన లేచింది.

"ఆహా! పోపు అదిరింది!" అన్నాడు వీరగండడు, ముక్కు నిండా పీలుస్తూ.

"నేనింకా పోపే వెయ్యలేదండీ!" అన్నాడు వంటవాడు.

నాంచారికి ఆ వాసన తెలుసు. అవి హరిదళపు రాళ్ళు. కాలితే విషం, ఆ పొగే వెల్లుల్లిలా కమ్మగా ఉంటుంది. నోరు విప్పితే గుట్టు బయటపడుతుంది, విప్పకపోతే నలభైమంది చస్తారు. ఆమె ఒక్క ఉరుకున వెళ్ళి కుండను కాలితో తన్నింది. పులుసు పొయ్యిలో పడి మంట ఆరిపోయింది. ఆమె కర్ర తీసుకుని దొరికినవాణ్ణి దొరికినట్టు బాదుతూ అందరినీ గుహలోంచి బయటికి తోలింది. "స్వాములవారికి కోపమొచ్చింది!" అని ఏడుస్తూ పరుగెత్తారు. బయటికి వచ్చాక సగంమంది కడుపు పట్టుకుని వాంతులు చేసుకున్నారు. గుహలోనే మిగిలిన, సామాన్లు మోసే గాడిద మాత్రం మళ్ళీ లేవలేదు. దాన్ని చూశాక భటులకు స్వాములవారంటే దేవుడికంటే ఎక్కువైపోయింది.

నాలుగో రోజు వచ్చింది అసలు చోటు. కొండ పొట్టను నిలువునా చీల్చినట్టు తెల్లటి చార, దాని నిండా ఆరు పలకల మొనలు, గాజులాంటివి, పాలలాంటివి, గులాబీరంగు తేలినవి. సూర్యుడు తగలగానే ఇంద్రధనుస్సులు ఒకదాని మీద ఒకటి పడి దొర్లాడాయి. వీరగండడు అక్కడ గొడుగు దించేశాడు. డప్పులు ఆగాయి.

"వజ్రశృంగం చేరుకున్నాం" అని ప్రకటించాడు.

నాంచారి తలెత్తి చూసింది. శిఖరం ఇంకా రెండు రోజుల ఎత్తున, మబ్బుల్లో ఉంది. వీరగండడు ఆ చూపు కనిపెట్టి చిన్నగా నవ్వాడు. "మా తాతల కాలంనుంచి ఇక్కడిదాకే స్వామీ. పైకిపోతే ఊపిరాడదు. పైది కూడా ఇదేలే, ఎవడు చూడొచ్చాడు? ధూమకేశులవారు కూడా ఇదే చాలన్నారు" అన్నాడు. తరతరాలుగా ఒక రాజ్యం తలెత్తుకుని తిరిగింది ఈ బద్ధకం మీదన్నమాట. వీరగండడు ఆ మొనల్లో పెద్దదాన్ని ఉలితో ఊడదీయించి, పట్టుగుడ్డలో పెట్టి, "తమరు దీవించాలి" అని స్వామి చేతికి అందించాడు.

రాయి చేతిలో పడింది. అంతే. ఏడేళ్ళ వయసునుంచి చేస్తున్న పని. ఆమె ఆలోచించేలోపే నాలుక బయటికి వచ్చి రాయిని నాకింది, "థూ! పలుగు!" అని ఉమ్మింది.

మౌనం అక్కడితో సరి. వీరగండడు నోరు తెరిచాడు. మనిషికి తెలివి లేకపోయినా జ్ఞాపకం ఉంది. "మా అమ్మ రోలుకు గంట్లు కొట్టే ముసలోడు ఇట్టాగే నాకేవాడు! రాయిని నాకేది రోళ్ళవాళ్ళేరా! పట్టుకోండి!" అని గడ్డం పట్టి లాగాడు. మేకవెంట్రుకలు చేతికి వచ్చాయి.

"పట్టుకోరా, పట్టుకో! ఆ గడ్డమే పట్టుకో, నీకు అంతే దక్కేది!" అని నాంచారి ఆ పలుగురాయితోనే వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చి, తెల్లచార పక్కన ఉన్న చీలికలోకి దూకింది. మొనలు పట్టుకుంటూ, ఉలితో కాలు మోపేచోటు కొట్టుకుంటూ ఉడుతలా పైకి పాకింది. భటులు వెంటపడ్డారుగానీ కిర్రుచెప్పులతో పలుగురాతి మీద రెండు బారలు ఎక్కి మూడు బారలు జారారు. సగంమందికైతే గుహలో ప్రాణాలు కాపాడిన మనిషిని పట్టుకోవడానికి చేతులే రాలేదు. వీరగండడు కుంటుతూ మాంత్రికుడికి పావురం మీద చీటీ పంపాడు.

రెండు రోజులు ఎక్కింది నాంచారి. తెల్లచార తర్వాత జేగురుమన్ను రంగు బండలు, తర్వాత చామంతిపువ్వు రంగు పట్టీ ఒకటి కొండ మెడచుట్టూ దండలా, దానిపైన నిట్టనిలువుగా బూడిదరంగు గోడ. పిడికెడు పేలాలు తిని, మంచు చప్పరించి, రాతి సందుల్లో ముడుచుకుని పడుకుంది. వేళ్ళు చచ్చుబడ్డాయి. ఊపిరి సగం సగమే వచ్చింది. ఏడో రోజు పొద్దెక్కేసరికి ఇక ఎక్కడానికి ఏమీ మిగల్లేదు.

వజ్రశృంగపు కొన! కవులు దేవకన్యలను కూర్చోబెట్టిన చోటు! నాలుగు మంచాలు పట్టేంత జాగా, తల మీద టోపీలా ఒక మంచుదిబ్బ, నక్కను కూడా తోసేసేంత ఈదురుగాలి. మంచు కింద బూడిదరంగు రాయి. ఆమె సుత్తితో ఒక ముక్క ఊడగొట్టింది. విరిగిన ముఖం మీద నత్తగుల్లలు! బొటనవేలంత శంఖం ఒకటి, దువ్వెనలాంటి గీతలున్న చిప్పలు, ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని రాయైపోయి ఉన్నాయి. ఏ కాలంలో ఏ సముద్రం ఇంత ఎత్తున పడుకుని లేచిపోయిందో మరి!

నాకింది. నాలుకకు అతుక్కుని, పొడిపొడిగా, సున్నపు రుచి.

"నాయనా! నువ్వన్నదే! నువ్వన్నదే నాయనా!" అని అరిచి ఏడ్చింది, ఏడుస్తూనే పకపకా నవ్వింది. "ఓరి ఉద్దండసింహుడా! నీ వంశం వజ్రంలోంచి కాదురా, నత్తల్లోంచి ఊడిపడిందిరా!"

ఆ నవ్వు ఆగకముందే నల్లని నీడ ఒకటి పడింది. భేరుండపక్షి! తాటిచెట్టంత రెక్కలు, ఇనుప కొక్కేల్లాంటి గోళ్ళు. దాని మెడ మీద ధూమకేశుడు కూర్చుని ఉన్నాడు. కొన మీది సుడిగాలికి పక్షి నిలవలేక గిరగిరా తిరిగి, బూడిదగోడ కింద, మెడ దగ్గర ఉన్న చదునులో దిగింది. తాడు పట్టుకుని అక్కడిదాకా ఎగబాకిన వీరగండడూ భటులూ సాష్టాంగపడ్డారు.

"ఏమే రాళ్ళదానా!" అని అరిచాడు మాంత్రికుడు. "వజ్రాన్ని అపవిత్రం చేశావు. దిగి వచ్చి తప్పు ఒప్పుకో. మీ అయ్యను అనాయాసంగా చంపిస్తాను."

"అబ్బో, ఎంత దయ! నువ్వే పైకిరా స్వామీ, వంశవృక్షం చూపిస్తా. నత్తలున్నాయి, చిప్పలున్నాయి, నీ పోలికలు కూడా ఉన్నాయి."

ధూమకేశుడి మొహం కందగడ్డలా మారింది. "వజ్రం నిప్పుకు చెక్కుచెదరదు. నువ్వు మాడిపోతావు" అని అగ్నికీల మంత్రం చదివాడు. నీలిరంగు మంట గోడ చుట్టూ లేచింది. కట్టె అక్కర్లేని మంట, కొలిమిని మించిన వేడి. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ మహానుభావుడు ఏటేటా పలుగురాళ్ళను తానే వజ్రాలని అమ్మి, అమ్మి, చివరికి కొన నిజంగానే వజ్రమని తానే నమ్మేశాడు. అబద్ధాలాడేవాడికి తెలివుంటుందని లోకం అనుకుంటుందిగానీ, ఏమీ ఉండదు.

మంట రెండు రోజులు మండింది. కింద వేడికి పైన నాంచారి కాళ్ళు కాలాయి, మంచులో పాతుకుంది. మంచు కరిగిన చోటునుంచి ఇంకో చోటుకు జరిగింది. నగరంవైపు చూసి రోజులు లెక్కపెట్టుకుంది. నాయన చేతులకు సంకెళ్ళున్నాయి, చలికి ఆ కీళ్ళు నొప్పులు పుడతాయి, ఎవరు ఒత్తిపెడతారు అని ఏడ్చింది. మాడిపోవడానికి భయం లేదు ఆమెకు, చేతిలో రాయి పెట్టుకుని పైనే కూర్చుండిపోతానేమోనని భయం.

తొమ్మిదో రోజు పొద్దున అంచునుంచి తొంగిచూసింది. బూడిదగోడ బూడిదగా లేదు. పాలిపోయి తెల్లగా, నెర్రెలు విచ్చి, ముట్టుకుంటే రాలేలా ఉంది. నాంచారి నోరు తెరుచుకుని చూసింది. సున్నపుబట్టీ! ఈ బుద్ధిలేని మాంత్రికుడు రెండు రోజులు కూర్చుని కొండమెడనంతా సున్నపుబట్టీలో కాల్చి పెట్టాడు! కాలిన సున్నపురాయికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఇల్లు వెల్లవేసుకునే ప్రతి ముసలమ్మకూ తెలుసు. మహామాంత్రికుడికి మాత్రం తెలియదు.

మంట ఆరింది. ధూమకేశుడు గోడకిందికి వచ్చి, "ఉన్నావా, మాడావా?" అని కేకేశాడు.

నాంచారి అతన్ని పట్టించుకోలేదు. భటులవైపు వంగి గొంతు చించుకుంది. "ఒరేయ్! వెల్లుల్లి పొగనాడు మిమ్మల్ని బాది బయటికి తోలింది నేనే కదరా! ఇప్పుడూ చెప్తున్నా, పరుగెత్తండి! గోడకు దూరంగా పోండి!"

భటులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా. గాడిద గుర్తొచ్చింది. అందరూ కాలికి బుద్ధి చెప్పారు. అందరికంటే ముందు కుంటుకుంటూ వీరగండడు.

"పిరికిపందల్లారా! ఆగండి! వజ్రానికేమవుతుంది?" అని ధూమకేశుడు ఒక్కడే నిలబడి చెయ్యి ఊపాడు.

నాంచారి ఉలి తీసుకుని మంచుదిబ్బ అంచును కోయడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ. రెండు. పది. కింది వేడికి అప్పటికే లోపల డొల్లైపోయిన దిబ్బ 'కర్ర్' మని విడివడి, గుడిసెంత ముక్క ఊడి గోడ మీదుగా దొర్లింది.

సున్నం పొంగింది. గోడంతా ఒక్కసారి బుస్సుమంది. ఆవిరి ఆకాశానికి లేచింది. రాళ్ళు ఉబ్బి, పేలి, పిండై, కుతకుతా ఉడుకుతూ కిందికి జారాయి. సగం కొండమెడ తెల్లని పాలపొంగై లోయలోకి దిగింది. వజ్రశృంగానికి ఎవరో వెల్లవేసినట్టు ఆ పక్కంతా పైనుంచి కిందిదాకా తెల్లబడిపోయింది. నిలువుగోడ పోయి ఏటవాలు గుట్ట మిగిలింది.

మోతలు సద్దుమణిగి, ఆవిరి చల్లారి, తడి సున్నం పేరుకునేదాకా ఆమె పైనే ఆగింది. తర్వాత గుల్లరాయిని నడుముకు కట్టుకుని గుట్ట పక్కనున్న మామూలు బండల మీదుగా దిగింది. చదునులో ఒక మూల భేరుండపక్షి రెక్కలు దులుపుకుంటోంది. దాని పక్కనే, అది పొంగులోంచి లాక్కొచ్చిన మనిషి ఒకడు తెల్లగా దొర్లుతున్నాడు. జుట్టు తెల్లన, గడ్డం తెల్లన, కళ్ళు మాత్రం చింతనిప్పులు.

"నీళ్ళు! నీళ్ళు!" అంటూ ధూమకేశుడు చేతులతో మంచు తడుముకుంటున్నాడు.

నాంచారి అతని మణికట్టు పట్టుకుని ఆపింది. "నీళ్ళు పెట్టావంటే రెండు గుడ్లూ ఉడికిపోతాయ్. సున్నం పడితే నూనె వెయ్యాలని మీ గురువు చెప్పలేదా?"

"నూనె... నీ దగ్గర ఉందా తల్లీ?" అన్నాడు మహామాంత్రికుడు. మొన్నటిదాకా రాళ్ళది, ఇవాళ తల్లి.

ఉంది. సుత్తి పట్టుకునేవాళ్ళు అరచేతులకు రాసుకునే ఆముదం, వెదురుగొట్టంలో నాలుగు చుక్కలు. నాంచారి గొట్టం చేతిలో పట్టుకుని ఎండవైపు చూసింది. పొద్దు నడినెత్తిన ఉంది. నడిచిపోతే నగరం నాలుగు రోజులు. నాయనకు ఉన్నది సగం పగలు. పక్షి ఈ గుడ్డివాడి మాట తప్ప ఎవరి మాటా వినదు. ఇటువంటివాడి కాళ్ళు పట్టుకోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నేళ్ళు, ఎంతమందిని ఏనుగు కాళ్ళకింద తోయించాడో ఈ సన్నాసి! ఒక్క తోపు తోస్తే లోయలో పడతాడు. ఆమె చెయ్యి అతని భుజం మీదికి వెళ్ళింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"తల వెనక్కి వాల్చు" అంది.

కుడికంటి రెప్ప విప్పి ఆముదం పోసి, గుడ్డకొసతో సున్నం తుడిచింది. మళ్ళీ పోసి, మళ్ళీ తుడిచింది. మాంత్రికుడు హమ్మయ్య అని మూలిగాడు. కన్ను ఎర్రగా తెరుచుకుంది. మొహం రెండోవైపు తిప్పాడు.

నాంచారి గొట్టానికి బిరడా పెట్టేసింది.

"ఎడమది! ఎడమకన్ను మండుతోందే! చచ్చిపోతున్నానే!"

"మండుతుంది మరి. సున్నం కదా. వజ్రమైతే మండేది కాదు."

"నీకు కావాల్సింది చెప్పవే, ఇస్తాను!"

"ఈ రాయి కొన మీదదని, సున్నపురాయని, సభలో రాజు ముందర నీ నోటితో చెప్తావు. మా నాయన సంకెళ్ళు లేకుండా కోటవాకిలి దాటాలి. దాటినాక మిగతా ఆముదం నీది."

ధూమకేశుడు ఒంటికంటితో ఆమెను, ఎండను, పక్షిని చూశాడు. "రాజు ఒప్పుకోకపోతే? నేను చెప్పినా నమ్మకపోతే?"

"అప్పుడు నీకు కన్నుండదు, నాకు నాయన ఉండడు" అంది నాంచారి, పక్షి మెడ మీదికి ఎక్కి అతని జుట్టు పట్టుకుని పైకి లాక్కుంటూ. "ఇన్నేళ్ళూ అబద్ధం నమ్మించావుగా? ఒక్క నిజం నమ్మించడానికి ఏడుస్తావెందుకు? ఎక్కు!"

మాంత్రికుడు పళ్ళు కొరుక్కుంటూ మంత్రం చదివాడు. భేరుండపక్షి రెక్కలు విప్పి, తెల్లబడ్డ కొండ మీదనుంచి దక్షిణానికి దూకింది. కింద ఎక్కడో దూరాన, నగరంలో నారప్ప కోసం ఏనుగును బయటికి తెచ్చే నగారా మోగడం మొదలైంది.

"ఇంకా తొందరగా!" అని అరిచింది నాంచారి.

"తొందరగానే తోలుతున్నానే, నా కన్ను పోతోందే!" అని ఏడ్చాడు ధూమకేశుడు.